ఎరుగని శ్రోత

దానములలో ఉత్తమమైనది ఏదియని విచారించిన మన పెద్దలు దేశము, కాలము, పాత్రము అను మూటిని కొలతలుగా నిలిపిరి. తగిన చోట, తగిన వేళ, తగినవానికి, ప్రత్యుపకారమును అపేక్షింపక ఇచ్చినది సాత్త్వికదానమని భగవద్గీత పదునేడవ అధ్యాయము తెలుపుచున్నది. అన్నమో, వస్త్రమో, గోవో ఇచ్చునపుడు ఈ కొలత సాధ్యమే. పుచ్చుకొనువాడు ఎదుట నిలిచియుండును గనుక వాని అక్కరయు, అర్హతయు కన్నులకు కనబడును. ఇచ్చునది మాటయై, ఇచ్చువాడు నాలుగు గోడల నడుమ మైకు ముందు కూర్చుండినవాడై, పుచ్చుకొనువాడు ఎవడో, ఎచ్చట నున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియనపుడు ఆ దానమునకు పాత్రమును నిర్ణయించుట ఎట్లు? మన దేశమున రేడియో పుట్టినది మొదలు చేయుచున్న పని ఇదియే. ఊరూర ప్రసారకేంద్రములను నెలకొల్పుచు, ఇప్పుడు అంతర్జాలము మీదికిని తన గొంతును సాచుచున్న ఆకాశవాణిని చూచి యంత్రజ్ఞులు యంత్రప్రశ్నలను, అర్థశాస్త్రజ్ఞులు వ్యయప్రశ్నలను వేయుట సహజము. నాకు తోచినది ధర్మప్రశ్న. ఎరుగనివానికి మాట నిచ్చుట ఎట్టి దానము? ఆ దానము విస్తరించినకొలది దాని శీలము నిలుచునా, మారునా?

ఈ ప్రశ్న పుస్తకములలో కంటె వీథిలోనే స్పష్టముగా వినబడును. హైదరాబాదున మూసీకి దక్షిణముగా, బహదూర్‌పురాను ఆనుకొని, మీరాలం చెరువునకు దాపున నున్న మా కిషన్‌బాగ్‌లో శబ్దమునకు గోడలు లేవు. మురళీమనోహరస్వామి కోవెల గంటయు, మసీదుల అజానును, కూరగాయల బండివాని కేకయు ఒకే గాలిలో ప్రయాణము చేయును. తెలుగు మాటలాడు ఇంటిలోనికి ఉర్దూ పాటయు, ఉర్దూ మాటలాడు ఇంటిలోనికి తెలుగు వార్తయు ఎవరి అనుమతియు లేకయే వచ్చి కూర్చుండును. ఒక సందులో చీరలకు, షేర్వానీలకు మగ్గం పని చేయు చిన్న కార్ఖానా ఉన్నది. కొయ్యచట్రమునకు బిగించిన బట్ట చుట్టు నేలమీద కూర్చుండిన పనివారిలో ప్రతివాని ఎడమచేయి బట్ట క్రింద దారము నందించుచుండును. కుడిచేయి పైనుండి ఆరీ సూదిని గ్రుచ్చి ఆ దారమును పైకి లాగుచుండును. చేతులు రెండును పనికి బందీలు. కన్ను సూదిమొనను విడువరాదు. విడిచెనా, కుట్టు తప్పును. ఆ మనుష్యునకు లోకముతో మిగిలిన ద్వారము చెవి యొక్కటే. గూటిలోని రేడియోలో 102.8 మీద వివిధ భారతి పాడుచుండును. పాట ముగిసి వార్తలు వచ్చినపుడు లేచి మార్చుటకు ఎవనికిని చేయి ఖాళీ లేదు గనుక వార్తలను విందురు. వార్తల వెనుక వైద్యుని సలహా వచ్చిన దానినీ విందురు. కంటిని తనకు అప్పగింపుమని అడుగు ఏ సాధనమును ఆ చట్రము చుట్టు నిలువదు. రేడియోకు పాత్రమెవ్వడని అడిగినవానికి నేను మొదట ఆ కార్ఖానాను చూపుదును.

శబ్దమునకును ఆకాశమునకును గల సంబంధమును మన దార్శనికులు రేడియో పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే తర్కించిరి. శబ్దము ఆకాశముయొక్క గుణమని న్యాయవైశేషికుల సిద్ధాంతము; ఆ శాస్త్రమును బాలురకు సైతము సుబోధమగునట్లు తర్కసంగ్రహమున కూర్చిన అన్నంభట్టు మన తెలుగువాడే. పుట్టినచోటి శబ్దము శ్రోత చెవిని చేరు విధమును గూర్చి వారు రెండు మార్గములను చెప్పిరి. అల అలను పుట్టించినట్లు శబ్దము శబ్దాంతరమును పుట్టించుచు సాగునని వీచీతరంగన్యాయము. కదంబపు మొగ్గ ఒక్కమారుగా అన్ని వైపులకు కేసరములను చాచినట్లు శబ్దము సర్వదిశలకు వ్యాపించునని కదంబముకులన్యాయము. మీమాంసకులు ఇందులకు సమ్మతింపరు. వారి మతమున శబ్దము నిత్యము, సర్వగతము. మన కంఠమునుండి వెడలు గాలి దానిని పుట్టించదు, వ్యక్తము మాత్రమే చేయును. నిన్న విన్న గకారమును నేడు మరల విన్నపుడు ఇది అదియేయని గుర్తించుచున్నాము గదా, ఆ గుర్తింపే ప్రమాణమని వారి వాదము. పోలికను చూచి ఏకత్వమని భ్రమించుచున్నామని నైయాయికుల ప్రత్యుత్తరము.

ఈ వాదము పండితసభలకే చెందినదని ఎంచువారు తమ ఇంట ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. బల్లమీద రేడియోలో 101.9 మీద ఎఫ్.ఎం. రెయిన్‌బోను పెట్టి, ప్రక్కనే మొబైల్ ఫోనులో ఆకాశవాణి యాప్‌ను తెరచి అదే కేంద్రమును ఎంచుకొనినచో, రెండింటను ఒకే గొంతు వినబడును; ఒకే వేళ మాత్రము వినబడదు. రేడియోలో ఒక వాక్యము ముగిసి, పలుకువారు ఊపిరి తీసికొని, తరువాతి వాక్యమును ఎత్తుకొనిన పిదప గాని ఫోనులో మొదటి వాక్యము మొదలు కాదు. రేడియోతరంగము ట్రాన్స్‌మిటరునుండి నేరుగా వచ్చి ఏరియల్‌ను తాకినది. ఫోనులోని మాట అంకెలుగా మారి, తునకలై, ఎచ్చటనో ఒక సర్వరున నిలిచి, మరల కూడుకొని వచ్చినది. ఈ రెండును ఒకే మాటయా? మీమాంసకుడు ఒకటే యనును, నైయాయికుడు రెండనును. నా మనస్సు నైయాయికుని వైపు మొగ్గుచున్నది. అందులకు హేతువు కాలవ్యవధి కాదు. మొదటి మాట నన్ను వెదకుకొని వచ్చినది కాదు; నేను విన్నను వినకున్నను అది ఆ గదిలో ఉన్నది, ప్రక్కింటను ఉన్నది, మూసీ కావలి ఒడ్డునను ఉన్నది. రెండవది నేను అడుగగా వచ్చినది, నా ఫోనును గుర్తించి వచ్చినది, అడిగిన జాడ ఎచ్చటనో నమోదైన పిదప వచ్చినది. శబ్దమున భేదము లేకపోవచ్చును, ఇచ్చుటయందు భేదమున్నది.

ఆ భేదమును తూచుటకు ముందు ఈ నగరమున ఆ గొంతు ఎవరిదై యుండెనో తలచుకొనవలెను. 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వపు రేడియో ప్రసారములను ఆరంభించినది; దక్కన్ రేడియో అని దానిని పెద్దలు నేటికిని తలచుకొందురు. ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ భాషలకును అందు కొంత చోటు దొరకినను, అది రాజుగారి గొంతు. ఏది చెప్పవలెనో, ఏది చెప్పరాదో నిర్ణయించువారు సింహాసనమును ఆనుకొని యుండిరి. 1948 సెప్టెంబరు 17న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సంస్థానపు లొంగుబాటును ప్రజలకు తెలిపినదియు ఆ రేడియో ద్వారానే. ఏ మైకు రాజ్యాధికారమును చాటుచుండెనో ఆ మైకే దాని ముగింపును చాటినది. 1938 జూన్ 16న మద్రాసునందును, 1948 డిసెంబరు 1న విజయవాడయందును కేంద్రములు వెలసి తెలుగు వాక్కును ఆకాశమున కెక్కించినవి. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రమును భారత ప్రభుత్వాధీనమైనది.

రాజుగారి గొంతు పోయినంత మాత్రమున ప్రజల గొంతు వచ్చినదని చెప్పుటకు వీలులేదు. 1975లో అత్యవసరస్థితి విధింపబడినపుడు ఆకాశవాణి ప్రభుత్వవాణిగనే పలికినది. ఆ చేదు అనుభవమునుండి బి.జి. వర్గీస్ అధ్యక్షతను ఒక సంఘ మేర్పడి, రేడియో ప్రభుత్వముచేత గాక స్వతంత్రధర్మకర్తలచేత నడుపబడవలెనని 1978లో సూచించినది. రేడియోను స్వతంత్రసంస్థకు అప్పగించు ప్రసార భారతి చట్టము 1990లో వచ్చియు 1997 సెప్టెంబరు 15న గాని అమలులోనికి రాలేదు. ఆ నడుమ, 1995 ఫిబ్రవరి 9న, గాలిలోని తరంగములు ప్రజల ఉమ్మడి ఆస్తియని సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది; ఆ తీర్పు నిచ్చిన ధర్మాసనమున మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. విభువై, అఖండమై యున్న ఆకాశమును ఎవ్వడును తన సొత్తని కంచె వేసికొనజాలడను భావము అట్లు శాసనభాషలో స్థిరపడెను. ఆకాశము అందరిదైనపుడు ఆ ఆకాశముగుండ వచ్చు వాక్కును అందరికి బాధ్యము కావలెను. విస్తరణము ధర్మమగుటకు ఇది మొదటి నియమము.

రెండవ నియమమునకు మూలము ఆకాశవాణి ముద్రయందే ఉన్నది. బహుజనుల హితమును, సుఖమును కోరు ఆ ధ్యేయవాక్యము వినయపిటకమున మహావగ్గమునుండి వచ్చినది. సారనాథమున అరువదిమంది అర్హతులు సిద్ధులైన పిదప బుద్ధభగవానుడు వారిని లోకము మీదికి పంపుచు ఆ లక్ష్యమును తెలిపి, వెంటనే మరియొక ఆజ్ఞ నిచ్చెను: ఒకే దారిని ఇద్దరు పోవలదని. మొదటి మాట ముద్రకెక్కినది. విస్తరణరహస్యము రెండవ మాటయందున్నది. అరువదిమందియు ఒకే దారిని నడచి, ఒకే ఉపదేశమును అరువదిమార్లు చేసినచో పెరుగునది ధర్మము కాదు, చప్పుడు. ఒక్కొక్కరు ఒక్కొక్క దారిని పోయి, ఆ యూరి నుడిని నేర్చి, ఆ యూరి దుఃఖమును విని, దానికి తగినట్లు పలికినపుడే ధర్మము పెరుగును.

ఈ గీటురాతిమీద చూచినపుడు మన రేడియో చరిత్రలో రెండు విధములైన వృద్ధి కనబడును. ఒకచోట పలికిన మాటను మరియొకచోట మరల పలుకు రిలే కేంద్రముల వృద్ధి మొదటిది. 2023 ఏప్రిల్ 28న ఒక్కనాడే 18 రాష్ట్రములలోను, రెండు కేంద్రపాలిత ప్రాంతములలోను 91 ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు, ఒక్కొక్కటి నూరు వాట్లవి, ప్రారంభింపబడినవి. గొంతు అందని పల్లెకు గొంతును అందించుట చిన్న మేలు కాదు. రెండవది స్థానికకేంద్రముల వృద్ధి. 1984లో తమిళనాటి నాగర్‌కోయిల్‌లో ఆ ప్రయోగము జరిగినది. 1986లో ఆదిలాబాదున కేంద్రము వెలసినది. ఆ వెనుక వరంగల్లు, నిజామాబాదు, కొత్తగూడెము, తిరుపతి, అనంతపురము మొదలగు చోట్లను వెలసినవి. ఆదిలాబాదు కేంద్రమునుండి గోండి మాట వినబడిన దినమున ఆకాశవాణి వేరొక దారిని నడచినది. అంతవరకు వినుటకే గాని పలుకుటకు నోచుకొనని భాష ఆకాశమున స్థానము పొందినది.

ఆకాశవాణి హద్దులకు వెలుపల, జహీరాబాదు దాపున మాచనూరులో, 2008 అక్టోబరు 15న ఆరంభమైన సంఘం రేడియో ఈ దారిని ఇంకను ముందుకు తీసికొనిపోయినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో నడుచు ఆ కేంద్రమున మైకు ముందు కూర్చుండువారు పొలములలో పనిచేయు దళితస్త్రీలు. జొన్న, సజ్జ, కొర్ర విత్తనములను ఇంట ఎట్లు దాచుకొనవలెనో తల్లులనుండి నేర్చినవారు ఆ విద్యను తమ యాసలోనే ఇరుగుపొరుగు ఊళ్లకు చెప్పుచున్నారు. వాట్లలో కొలిచిన ఆ గొంతు మిక్కిలి చిన్నది. కాని అచ్చట పలుకువారికిని వినువారికిని నడుమ గట్టు లేదు. నేడు విన్నది రేపు పలుకగలదు. ఆకాశవాణి ప్రసారములు దేశజనాభాలో నూటికి 99 వంతులకు చేరుచున్నవని లెక్కలు చెప్పుచున్నవి. ఆ లెక్క చేరుటను గూర్చినది. ఎన్ని ఊళ్ల మాట తిరిగి ఆకాశవాణిని చేరుచున్నదను లెక్కయు దానికి తోడు కావలెను.

ఏలయన మన సంప్రదాయమున వాక్కునకు జన్మస్థానము వక్త నోరు కాదు, శ్రోత ప్రశ్న. పరీక్షిత్తు అడుగనిచో శుకుడు భాగవతమును చెప్పియుండడు. మైత్రేయి అడుగనిచో యాజ్ఞవల్క్యుడు సంపదను పంచి వెడలిపోయియుండును. ఆత్మదర్శనమునకు శ్రవణమును తొలిమెట్టుగా చెప్పిన ఆ ఉపనిషత్సంవాదము ఒక గృహిణి సందేహమునుండియే పుట్టినది. విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీ నిర్వహించిన ‘ధర్మసందేహాలు’ తెలుగునాట అంతటి ఆదరమును పొందుటకు ఆయన కంఠగాంభీర్యమొక్కటే కారణము కాదు. రామాయణభారతములను గూర్చి, ఇంటి ఆచారములను గూర్చి శ్రోతలు ఉత్తరములు వ్రాసిరి. ఆయన వానికి బదులు పలికిరి. అంతవరకు ఎరుగని శ్రోత తానై కలము పట్టి, తన సందేహమును తెలుపుటకు తానే ఇష్టపడి, తెర తొలగించుకొని ముందుకు వచ్చినాడు. ఎవరును వానిని వెంటాడి పట్టుకొనలేదు. ఈ ఇష్టపడుట అనునది ముఖ్యము. ముందు చెప్పబోవు మాటకు ఇదియే ఆధారము.

హితమును సుఖమును విడదీసినపుడు జరుగు నష్టమును కూడ మన రేడియో చవిచూచినది. 1952లో సమాచారశాఖామాత్యులైన బి.వి. కేస్కర్ శాస్త్రీయసంగీతమునకు పట్టము కట్టగోరి సినిమాపాటలకు ఆకాశవాణి తలుపులను దాదాపుగా మూసిరి. ఉద్దేశము గొప్పది, కాని శ్రోత మారు పలుకక రేడియో సిలోను వైపు ముల్లు త్రిప్పినాడు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టిన తరువాత గాని వాడు తిరిగి రాలేదు. కఠోపనిషత్తు శ్రేయస్సును ప్రేయస్సును వేరుచేసి శ్రేయస్సును వరించువానిని ధీరుడనినది. ఆ ఎన్నిక నచికేతుడు తాను చేసికొన్నదే గాని యముడు వాని తరపున చేసినది కాదు. పాటకై కూర్చుండిన మగ్గం పనివానికి పాట నడుమ లోకవార్త అందుటలో బలవంతము లేదు, వంచనయు లేదు. సుఖము వానిని కూర్చుండబెట్టినది. హితము ఆ నీడనే వచ్చినది. ఈ కలయికను కాపాడుట విస్తరణమునకు మూడవ నియమము.

ఇక అంతర్జాలము. దానివలన కలిగిన మేలును తక్కువచేయుట అన్యాయము. ఎఫ్.ఎం. తరంగము దిక్చక్రమును దాటి హెచ్చుదూరము పోజాలదు. యాప్‌నకు ఆ హద్దు లేదు. మా పాతబస్తీనుండి జీవనోపాధికై దుబాయికో, జెద్దాకో పోయినవాడు పని ముగిసిన వెనుక హైదరాబాదు కేంద్రపు ఉర్దూ కార్యక్రమము ‘నైరంగ్’ను తన గదిలో వినగలడు, డాలస్‌లోని తెలుగు గృహిణి వంటచేయుచు విజయవాడను వినగలదు. ఆకాశవాణి యాప్‌లో దేశమునందలి రెండువందలకు పైబడిన ప్రసారములు ఒక్కచోట దొరకుచున్నవి; 2024 నవంబరు 20న గోవాలో ప్రసార భారతి ‘వేవ్స్’ అను వేదికను కూడ తెరచినది. గాలిలో పుట్టి గాలిలో కలిసిపోయిన పాతప్రసారములను వలసినపుడు మరల వినుటకు ఇట్టి వేదికలు తోడ్పడగలవు. శబ్దము నిత్యమన్న మీమాంసకుని మాట యంత్రముచేత కొంత నిజమైనదని కూడ అనవచ్చును.

అయినను, మొదట వేసిన ప్రశ్న ఇచ్చటనే పదునెక్కుచున్నది. ట్రాన్స్‌మిటరు ఇచ్చు దానము గుప్తదానము. ఇందు దాచబడినది దాత పేరు కాదు, గ్రహీత పేరు. వినువాడు హిందువో, ముసల్మానో, ధనికుడో, దరిద్రుడో, ఏ కార్యక్రమమును విని కంటతడి పెట్టెనో, దేనిని నడుమ కట్టివేసెనో ప్రసారకేంద్రము ఎరుగదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయి ఎరుగరాదని ఇస్లాము దానమునకు నియమము చెప్పినది. ఫలమును కోరక కర్మ చేయుమని గీత చెప్పినది. ఈ రెండు బోధలును ఏ శాస్త్రమును చదువని ఒక ఉక్కుస్తంభమునందు అప్రయత్నముగా నెరవేరినవి. అంతర్జాలమార్గమున వచ్చు వాక్కునకు ఈ అజ్ఞానము లేదు. ఎవరు, ఎచ్చటినుండి, ఎంతసేపు విన్నారో అది ఎరుగగలదు. ఎరిగిన వెనుక వాని ఇష్టమునకు తగినదియే వానికి వడ్డింపగలదు. అప్పుడు తెలుగు ఇంటిలోనికి ఉర్దూ పాట రాదు, పాట నడుమ వార్త రాదు, నచ్చని అభిప్రాయము చెవిని సోకదు. ప్రతివాడును తన ప్రతిధ్వనిని తానే వినుచు దానిని లోకమనుకొనును. ఆకాశము ముక్కలై ఎవరి ముక్కను వారు చెవిలో దోపుకొనిన నాడు, ఒకే గాలిని పంచుకొని బ్రదుకు నేర్చిన కిషన్‌బాగ్ వంటి పేటలు చాల కోల్పోవును.

లెక్క లేనిదే ప్రజాధనమును ఎట్లు వ్యయపరతురని విజ్ఞులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వినువారున్నారో లేరో తెలియక కేంద్రములను నడుపుట దానము కాదు, అలవాటు. అయినను, తెలిసికొనుటకు రెండు దారులున్నవి: అడిగి తెలిసికొనుట, అడుగక కనిపెట్టుట. ఉత్తరము వ్రాయుమని శ్రోతను కోరుట మొదటిది. వాని చేతిలోని ఫోనుచేతనే వానిని గురించి చెప్పించుట రెండవది. మొదటిది సంవాదము, రెండవది వేగు. ప్రజల సొమ్ముతో నడుచు గొంతునకు రెండవది తగదు. ఏ గొంతు ఒకప్పుడు రాజునకును, మరియొకప్పుడు ప్రభుత్వమునకును దాస్యము చేసినదో, ఆ గొంతునకు శ్రోతల చిట్టా చిక్కుట ఎంతమాత్రమును క్షేమము కాదు.

కావున ఆకాశవాణి ఎంతకైనను విస్తరింపవలసినదే; నా కోరిక దాని విస్తరణమును అడ్డుకొనుట కాదు, దానిని దానధర్మముగా నిలుపుట. దేశమున పలుచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆపివేయుచున్న ఈ కాలమున, యాప్ ఉన్నది గదాయని ఆకాశమార్గమును విడిచిపెట్టరాదు. రీచార్జి అక్కరలేని, కరెంటు పోయినను రెండు బ్యాటరీలతో పలుకు పెట్టె పేదవాని హక్కు. కొత్తగా నెలకొల్పు ప్రతి కేంద్రమునందును కొన్ని గడియలైనను ఆ యూరివారి గొంతునకే విడువవలెను. అంతర్జాలమున వినదలచినవానిని పేరు గాని, ఫోను నంబరు గాని అడుగక వినిపింపవలెను. వాని అభిరుచిని కనిపెట్టి వానికి వేరుగా వడ్డించు పద్ధతిని ప్రజారేడియో తన నియమావళియందే నిషేధించుకొనవలెను. ఈ నాలుగును వ్యయసాధ్యములే గాని అసాధ్యములు కావు. పాత్రము నెరిగి ఇచ్చుట దాతకు వివేకమని మన పెద్దలు చెప్పిరి. అందరిదైన ఆకాశమునుండి ఇచ్చునపుడు ప్రతి చెవియు పాత్రమేయని నమ్మి, ఎవరిదో అడుగక ఇచ్చుటయే ఆ వివేకమునకు పరాకాష్ఠ.